ఇంటి వస్తువులతో పసిబిడ్డ ఆట: ఏది ఇవ్వాలి, ఎలా పరీక్షించాలి, పక్కన ఎలా కూర్చోవాలి

అన్నప్రాసన నాడు పాపాయి నాలుకకు పాయసం అంటించిన తరువాత మన ఇళ్ళలో ఇంకొక వేడుక జరుగుతుంది. చాప మీద పుస్తకం, కలం, పూలు, డబ్బు, బంగారు గొలుసు, కత్తి వరుసగా పెట్టి, బిడ్డను కొంచెం దూరంలో వదిలి, ఏది పట్టుకుంటుందో అని ఇంటిల్లిపాదీ చుట్టూ చేరి చూస్తారు. ఆ కాసేపూ బిడ్డ చూపు ఎంత తదేకంగా ఉంటుందో గమనించినవారికి, దుకాణంలో కొన్న బొమ్మ ఒక్కటీ లేకుండానే ఆ వయసు పిల్లలు ఎంతగా లీనం కాగలరో వేరే చెప్పనక్కరలేదు. అదే వరుసను ఇంకొకసారి చూస్తే కలం మూత, నాణెం, గొలుసు, కత్తి, ఇలా సగానికి పైగా బిడ్డ చేతికి అందకూడనివే కనిపిస్తాయి. ఆ రోజు ప్రమాదం జరగకపోవడానికి కారణం పది మంది కళ్ళు ఆ బిడ్డ మీదే ఉండటం. మామూలు రోజున ఇంట్లో అన్ని కళ్ళు ఉండవు కాబట్టి, ఆ పని ముందుగా చేసిపెట్టుకున్న ఏర్పాట్లే చేయాలి. నాలుగు నెలల నుంచి ఏడాదిన్నర వరకు ఉన్న పిల్లలకు ఇంటి వస్తువులతో ఆట ఎలా ఏర్పాటు చేయాలో, ఒక్కొక్క మెట్టుగా ఇక్కడ వివరిస్తున్నాను.

ఇంటి వస్తువులే ఎందుకు

బిడ్డ నాలుగో నెల దాటాక కావాలని చేయి చాపి వస్తువును అందుకోవడం మొదలుపెడుతుంది. ఆరో నెలకు ఒక చేతిలోనిది రెండో చేతికి మార్చుకుంటుంది. తొమ్మిదో నెల వచ్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మరమరాన్ని కూడా పట్టి తీయగలుగుతుంది. చేతికి వచ్చినది వచ్చినట్టు నోటికి పోవడం ఈ నెలలన్నిటా సాగుతుంది; పెదవులతో, నాలుకతో తడిమి చూడటమే ఆ వయసులో తెలుసుకునే పద్ధతి, దాన్ని మాన్పించవలసిన అలవాటుగా చూడకూడదు. స్టీలు గిన్నె చల్లగా తగులుతుంది, చెక్క గరిటె గోరువెచ్చగా ఉంటుంది, తడిపి పిండిన తువ్వాలు బరువు మారుతుంది, కంచాన్ని నేలకు కొడితే మోగుతుంది, చాపకు కొడితే మోగదు. ప్లాస్టిక్ బొమ్మలు పది ఉన్నా నోటికి తగిలే తీరు దాదాపు ఒకటే.

బ్రిటన్‌కు చెందిన ఎలినార్ గోల్డ్‌ష్మీడ్ (1910–2009) సరిగ్గా ఈ ఆలోచనతోనే, కూర్చోగలిగి ఇంకా పాకడం రాని పిల్లల కోసం ‘నిధుల బుట్ట’ పద్ధతిని రూపొందించారు. వెడల్పాటి బుట్టలో చెక్క, లోహం, గుడ్డ, సహజ పదార్థాలతో ఉన్న మామూలు వస్తువులు పెట్టి, పెద్దవారు పక్కన మౌనంగా కూర్చొని, బిడ్డ ఇష్టానికి వదిలేయడమే ఆ పద్ధతి సారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల్లో కూడా ఏడాది లోపు పిల్లలకు టీవీ, ఫోను తెర వద్దనీ, రోజులో పలుమార్లు నేల మీద ఆడించాలనీ, ఇంకా కదలడం రాని పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు మొత్తం అరగంటయినా బోర్లా ఉంచాలనీ ఉంది. ఫోనుకు బదులు ఏమివ్వాలని అడిగే తల్లులకు నేను చూపించేది వంటింటి అలమారానే.

ఒక తేడా మాత్రం మనసులో ఉంచుకోవాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. గరిటెను పసిబిడ్డ చప్పరిస్తుందన్న ఆలోచనతో ఎవరూ పరీక్షించి మార్కెట్లోకి పంపరు. ఆ పరీక్ష చేయవలసింది మనమే.

మొదటి మెట్టు: ముందు చోటు, తరువాతే వస్తువు

ఆటకు నేల కావాలి. మంచం, సోఫా, దివాన్ పనికిరావు; గరిటె కోసం వంగిన బిడ్డ దానితో పాటే కింద పడుతుంది. చాప మీద మందపాటి బొంత పరచండి. బొంత అంచులకు ఊడిన దారాలుంటే కత్తిరించండి. కూర్చోవడం ఇంకా నిలకడగా రాని బిడ్డకు వెనుకా పక్కలా దిండ్లు పెట్టడం వాడుకలో ఉంది గాని, నిజంగా ఆపేది మీ చేయి మాత్రమే. ఆ దిండ్ల మధ్య బిడ్డ నిద్రపోయిందంటే దిండ్లు వెంటనే తీసేసి, చదునైన చోట వెల్లకిలా పడుకోబెట్టాలి.

బొంత మీద కూర్చున్న తరువాత మీరూ ఒక్కసారి బిడ్డ ఎత్తుకు తల వంచి చుట్టూ చూడండి. మన ఎత్తు నుంచి కనిపించనివి అక్కడి నుంచి కనిపిస్తాయి: సోఫా కింద దొర్లిన గోళీ, వేలాడుతున్న ఛార్జరు తీగ, టీపాయ్ మీది గుడ్డ అంచు, దాని పైన వేడి కాఫీ గ్లాసు. ఆ గుడ్డ లాగితే కాఫీ మీద పడుతుంది కాబట్టి పాకే బిడ్డ ఉన్న ఇంట్లో టేబుల్ క్లాత్‌ను కొన్నాళ్ళు మడిచి పెట్టెలో పెట్టేయడమే మేలు.

వంటిల్లు ఆట స్థలం కాదు. వంట చేస్తూ గడప దగ్గర బిడ్డను కూర్చోబెట్టి నాలుగు గిన్నెలు ముందు పడేయడం చాలా ఇళ్ళలో చూస్తాం. తల్లి ఒక్కతే ఉన్న ఇంట్లో అలా ఎందుకు చేస్తుందో నాకు బాగా తెలుసు. కాని అందులో రెండు చిక్కులున్నాయి. పొయ్యి మీద పోపు మాడుతుంటే బిడ్డ మీద చూపు ఉండదు. అంతకన్నా పెద్ద చిక్కు, నిన్న తాను ఆడుకున్న గిన్నెకూ ఈ రోజు చారు కాగుతున్న గిన్నెకూ తేడా బిడ్డకు తెలియదు. కాబట్టి ఆట గిన్నెలను వేరుగా తీసి, వాటికొక బుట్ట కేటాయించి, హాల్లోనే ఉంచండి. బట్టలు మడత పెట్టుకునే సమయం ఈ ఆటకు సరిగ్గా సరిపోతుంది; చేతులు పనిలో ఉన్నా కళ్ళు బిడ్డ మీదే ఉంటాయి, వేడి వస్తువు ఏదీ దగ్గర ఉండదు.

రెండో మెట్టు: వస్తువును పరీక్షించడం

తొందర లేని ఒక మధ్యాహ్నం, బిడ్డ నిద్రపోతున్నప్పుడు ఈ పని చేయండి. అన్నిటికంటే ముందు ఒక కొలత గొట్టం తయారుచేసుకోవాలి. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలను పరీక్షించేవారు 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టాన్ని వాడతారు. అందులో పూర్తిగా ఇమిడే వస్తువేదైనా గొంతుకు అడ్డం పడగలదని లెక్క. గుండ్రటి వాటికి ఆ కొలత కూడా చాలదు, బంతుల పరీక్షకు 44.5 మిల్లీమీటర్ల రంధ్రం వాడతారు. ఇంట్లో రెండు కొలతలు పెట్టుకొని తికమక పడేకంటే పెద్దదాన్నే అన్నిటికీ వాడటం నయం. పెళ్ళిపత్రిక వంటి గట్టి అట్ట నుంచి 15 సెంటీమీటర్ల పొడవు, 6 సెంటీమీటర్ల వెడల్పు గల పట్టీ కత్తిరించి, కొసలు ఒక సెంటీమీటరు మేర ఒకదానిపై ఒకటి వచ్చేలా చుట్టి అతికించండి. సుమారు 4.5 సెంటీమీటర్ల వ్యాసం గల గొట్టం వస్తుంది. ఏ వైపు తిప్పి పెట్టినా అందులో పూర్తిగా మునిగిపోయే వస్తువు ఆట బుట్టలోకి రాకూడదు. పది రూపాయల నాణెం వ్యాసం 27 మిల్లీమీటర్లు; అది ఇట్టే జారిపోతుంది. నీళ్ళ సీసా మూత కూడా అంతే. అందుకే ఖాళీ నీళ్ళ సీసా ఇచ్చేటప్పుడు మూత తీసేసి సీసా ఒక్కటే ఇవ్వాలి.

లక్కపిడతల సంగతి ఇక్కడే చెప్పాలి. ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, సహజమైన రంగులు కలిపిన లక్కతో చేసే బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అసలైనవి ఎంత నునుపుగా ఉంటాయో చేత్తో పట్టుకున్నవారికి తెలుసు. అయినా ఆ లక్కపిడతల సెట్టులోని బుల్లి గరిటె, బుల్లి చెంబు, రోకలి ఈ గొట్టంలో పడిపోతాయి. మూడేళ్ళు నిండేదాకా వాటిని అలమారాలోనే ఉంచండి. కొండపల్లి బొమ్మలు తేలికైన పొణికి చెక్క ముక్కలను అతికి, రంగులు వేసి చేసేవి. అవి కొలువులో పెట్టి చూసుకోవలసినవి, పసిబిడ్డ నోటికి అందవలసినవి కావు.

తరువాత లాగి చూడండి. పప్పుగుత్తి తలను ఒక చేత, పిడిని ఇంకొక చేత పట్టి గట్టిగా లాగండి, మెలితిప్పండి. గిన్నె మూత మీది బొడిపె మరతో బిగించినదైతే అది ఏదో ఒక రోజు వదులవుతుంది, అలాంటి మూత వద్దు. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉన్న చెంచాలు కూడా ఇంతే.

అంచుల పరీక్షకు దూది కావాలి. కొంచెం దూదిని స్టీలు గిన్నె అంచు చుట్టూ నెమ్మదిగా తిప్పండి. ఎక్కడైనా పోగు చిక్కుకుందంటే అక్కడ కంటికి కనిపించని పదును ఉంది, అది చిగుళ్ళను కోస్తుంది. అంచు లోపలికి చుట్టి ఉన్న గిన్నెలు, కంచాలు మంచివి. పలుచని రేకుతో చేసిన చవక గ్లాసులు, వడపోతలు, తురుముడు పీట, ఇడ్లీ రేకుల సెట్టు ఈ పరీక్షకు నిలవవు. చెక్కకూ వెదురుకూ ఇదే పరీక్ష. మన చాట అందంగా ఉంటుంది, కాని పాతబడిన చాటలో వెదురు పేళ్ళు లేచి ఉంటాయి. దూది పట్టుకుందంటే అది బియ్యం చెరగడానికే. కొబ్బరి చిప్పను ఇవ్వదలిస్తే లోపలా బయటా పీచు లేకుండా గరుకు కాగితంతో రుద్ది, అంచును గుండ్రంగా అరగదీయాలి.

బరువు సంగతి తేల్చుకోవడానికి మీరు వెల్లకిలా పడుకొని, ఆ వస్తువు జానెడు ఎత్తు నుంచి మీ బుగ్గ మీద పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పసిబిడ్డ పట్టు తరచూ జారుతుంది, జారినప్పుడు వస్తువు పడేది తన ముఖం మీదే. చపాతీ కర్ర, ఇనుప గరిటె, బరువైన చెంబు ఈ లెక్కలోనే తప్పుకుంటాయి.

రంగును తడిగుడ్డతో పరీక్షించవచ్చు. తెల్లటి గుడ్డను తడిపి వస్తువును గట్టిగా రుద్దండి; రంగు అంటితే ఆ వస్తువు నోటికి పనికిరాదు. అంటకపోయినా పాత ఇళ్ళలోని రంగు వేసిన చెక్క సామాన్లను నమ్మకండి. ఇంటి రంగుల్లో సీసం మోతాదుకు మన దేశంలో కట్టడి 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఇత్తడిలో కూడా కొంత సీసం కలిసి ఉండవచ్చు, కళాయి పూతలోనూ ఉండవచ్చు. అమ్మమ్మగారి ఇత్తడి గంట మోత బిడ్డకు ఎంతో ఇష్టం కావచ్చు. దాన్ని మీరు పట్టుకొని మోగించండి, చప్పరించడానికి ఇవ్వకండి. నోటికి వెళ్ళే లోహం స్టెయిన్‌లెస్ స్టీలే కావాలి.

చివరిగా, అందులో ఇదివరకు ఏముండేదో గుర్తుచేసుకోండి. కారం డబ్బాను ఎన్నిసార్లు కడిగినా మూత సందుల్లో ఘాటు మిగులుతుంది. పచ్చళ్ళకు వాడిన చెక్క గరిటెలోకి కారం ఇంకిపోయి ఉంటుంది, అది బిడ్డ నోటికీ కళ్ళకూ మంట పుట్టిస్తుంది. ఆట కోసం కొత్త చెక్క గరిటె ఒకటి విడిగా కొని పెట్టుకోవడం వల్ల పెద్ద ఖర్చేమీ కాదు. పురుగుమందు, బాత్రూము క్లీనరు, కిరోసిన్ ఉంచిన సీసాలను కడిగి ఇచ్చే ఆలోచనే చేయవద్దు.

మూడో మెట్టు: ఏ పరీక్షా లేకుండా పక్కన పెట్టవలసినవి

కొన్నిటికి పరీక్ష అక్కరలేదు, అవి బిడ్డకు అందకూడదు, అంతే.

టీవీ రిమోటు ఇవ్వకండి. రిమోట్లలో, బొమ్మల్లో, తూకం యంత్రాల్లో, పండుగ దీపాల్లో గుండ్రటి బిళ్ళ బ్యాటరీలు ఉంటాయి. మింగిన బిళ్ళ అన్నవాహికలో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చేయగలదు. బ్యాటరీలో ఛార్జి అయిపోయిందని పారేసినది కూడా ప్రమాదకరమే. బ్యాటరీ పెట్టే అర మూతకు మర ఉండి, అది బిగించి ఉంటే తప్ప అలాంటి వస్తువును బిడ్డ ఉన్న గదిలో ఉంచవద్దు. ఫ్రిజ్ తలుపు మీది చిన్న అయస్కాంతాల విషయంలోనూ ఇంతే జాగ్రత్త కావాలి, రెండు మింగితే అవి పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

పౌడరు డబ్బా మన ఇళ్ళలో తరతరాల ఆట వస్తువు. స్నానం తరువాత బట్టలు తొడిగేటప్పుడు బిడ్డ కదలకుండా ఉండాలని చేతిలో పెడతారు. మూత జారి ఒక్క గుప్పెడు పొడి ముఖం మీద పడితే, అది ఊపిరితో పాటు లోపలికి పోయి ప్రాణం మీదికి వస్తుంది. ఆ సమయంలో చేతికి చిన్న తువ్వాలు ఇవ్వండి.

పూజ గదిలో కర్పూరం బిళ్ళలు, కుంకుమ భరిణె, వక్కలు, వత్తుల పెట్టె ఉంటాయి. కర్పూరం కొంచెం మింగినా పసిబిడ్డకు ఫిట్స్ రావచ్చు. బట్టల బీరువాలోని కలరా ఉండలు, దోమల మందు సీసా కూడా విషాలే. వామనగుంటల పీటలో వాడే చింతగింజలు, గవ్వలు గొంతుకు అడ్డం పడతాయి. అందులో గురివింద గింజలు ఉంటే అవి గొంతుకు అడ్డమే కాదు, నమిలితే కడుపులోకి పోయే విషం. ప్లాస్టిక్ కవర్లు, పగిలిన బెలూన్ ముక్కలు ముక్కుకూ నోటికీ అతుక్కొని ఊపిరి ఆపేస్తాయి. జానెడు కంటే పొడవైన తాడు, రిబ్బను, దారం ఏ వస్తువుకూ కట్టి ఉండకూడదు. తాళాల గుత్తి మురికిది, పైగా లోహం ఏమిటో తెలియనిది. పల్లీలు, వేయించిన శనగలు ఆట కోసమని గిన్నెలో పోసి ఇవ్వవద్దు.

ఇక మన ఒంటి మీద ఉన్నవి. మా పాపకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు ఒక సాయంత్రం బుట్టలోంచి అన్నీ పరీక్షించిన వస్తువులే ఇచ్చి, పక్కనే కూర్చున్నాను. ఉన్నట్టుండి బిడ్డ నాలుక బయటికి తోస్తూ, డోకినట్టు చేస్తూ, కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బుట్టలోవి అన్నీ ఎదురుగానే ఉన్నాయి. వెలుతురులోకి తీసుకెళ్ళి నోరు తెరిపించి చూస్తే, అంగిలికి మెరూన్ రంగు స్టిక్కరు బొట్టు అతుక్కొని ఉంది. అది నాదే. అంతకు ముందు నా ముఖాన్ని తడుముతూ తన వేలికి అంటించుకుందని అప్పుడు అర్థమైంది. అది ఎదురుగా స్పష్టంగా కనిపించింది కాబట్టి చిటికెన వేలితో ముందుకు లాగి తీయగలిగాను. ఆ రోజు నుంచి బిడ్డతో కూర్చునే ముందు నా నుదురు, జడ, చేతులు తడిమి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. స్టిక్కరు బొట్టు, జడలో పిన్నులు, గాజులకో మంగళసూత్రానికో తగిలించుకున్న పిన్నీసులు, నల్లపూసలు, చెవి దిద్దుల శీలలు తీసి పక్కన పెట్టండి, లేదా అందకుండా చూసుకోండి. బిడ్డ మెడలో దిష్టి పూసల దారం ఉంటే ఆట సమయంలోనూ నిద్రలోనూ తీసేయండి. ఈ మాట ఇంటి పెద్దవారికి నచ్చకపోవచ్చు, కాని అది దేనికైనా చిక్కుకుంటే మెడకు బిగుస్తుందని చేత్తో లాగి చూపిస్తే వారికీ అర్థమవుతుంది.

నాలుగో మెట్టు: వయసును బట్టి ఎంచుకోవడం

బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే మనకు బిడ్డ ఎదుగుదలలోని మలుపులు ఎప్పుడొస్తాయో గుర్తు చేయనక్కరలేదు. ప్రతి మలుపులోనూ పాత వస్తువులను మళ్ళీ పరీక్షించాలన్నదే గుర్తుంచుకోవలసినది. కూర్చున్న బిడ్డ చేతిలో గరిటె ఆట వస్తువు. అదే గరిటె నోట్లో పెట్టుకొని నడిచే బిడ్డ ముందుకు పడితే అంగిలికి గుచ్చుకుంటుంది.

నాలుగు నుంచి ఆరు నెలల బిడ్డకు ఒకసారికి ఒకటే వస్తువు చాలు. బోర్లా ఉన్నప్పుడు ముఖానికి మూరెడు దూరంలో తళతళలాడే స్టీలు కంచం నిలబెట్టి పట్టుకోండి. మొదట వెలుగును చూస్తుంది, తరువాత అందులో కదిలేది ఏమిటా అని తల ఎత్తుతుంది, కొన్నాళ్ళకు చేయి చాపి అరచేత్తో కొడుతుంది. చేతికి ఇవ్వడానికి చేతిరుమాలు, నూలు తువ్వాలు కొస, తేలికైన చిన్న స్టీలు గిన్నె బాగుంటాయి. వెల్లకిలా పడుకున్న బిడ్డకు పొడవైనదీ గట్టిదీ ఇవ్వవద్దు.

కూర్చోవడం వచ్చాక బుట్ట మొదలుపెట్టవచ్చు, దాని గురించి కింద విడిగా రాస్తున్నాను. ఎనిమిది, తొమ్మిది నెలలకు కనిపించని వస్తువు కూడా ఎక్కడో ఉంటుందన్న సంగతి బిడ్డకు తట్టడం మొదలవుతుంది. అప్పుడు కొంగు కింద గిన్నె దాచి తీసే దోబూచులాటకు విసుగే ఉండదు. ఇదే రోజుల్లో పడేయడం మొదలవుతుంది. గ్లాసు పడేస్తుంది, మీరు తీసిస్తారు, మళ్ళీ పడేస్తుంది. అల్లరి చేస్తోందని కసరవద్దు. అది పడుతుందా, మోగుతుందా, మీరు మళ్ళీ ఇస్తారా అని మూడు విషయాలు ఒకేసారి పరీక్షిస్తోంది. గాజు, పింగాణీ, పలుచని గట్టి ప్లాస్టిక్ ఈ దశలో గదిలోనే ఉండకూడదు.

ఏడాది దాటిన బిడ్డకు ఒకదానిలో ఒకటి ఇమిడే గిన్నెలు, వాటి మూతలు ఇవ్వండి. ఏ మూత ఏ గిన్నెదో వెతుక్కోవడం, గ్లాసును గిన్నెలో వేసి తీయడం, చిన్నదానిలో పెద్దదాన్ని దూర్చబోయి విఫలం కావడం ఇప్పుడు ఇష్టమైన పనులు. నడిచేటప్పుడు చేతిలో గరిటె, చెంచా ఉండకూడదు. కూర్చున్నప్పుడే అవి ఇవ్వాలి, లేచిందంటే తీసుకోవాలి.

ఐదో మెట్టు: బుట్టను సర్దడం

సుమారు 35 సెంటీమీటర్ల వెడల్పు, 10 నుంచి 12 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, కాడ లేకుండా, అడుగు చదునుగా ఉన్న బుట్ట కావాలి. బిడ్డ అంచు మీద చేయి ఆనించినా ఒరిగిపోకూడదు. సంతలో దొరికే తాటాకు బుట్టలు, వెదురు గంపలు దూది పరీక్షకు నిలిస్తే మంచివే. దొరకకపోతే వెడల్పాటి స్టీలు బేసిన్ సరిపోతుంది.

మొదటి వారం ఐదారు వస్తువులు చాలు, తరువాత పది పన్నెండు దాకా పెంచవచ్చు. నా బుట్టలో ఉండేవి ఇవి: చిన్న స్టీలు గిన్నెలు రెండు, అంచు చుట్టిన స్టీలు గ్లాసు ఒకటి, పొట్టి చెక్క గరిటె, పప్పుగుత్తి, నున్నగా అరగదీసిన కొబ్బరి చిప్ప, పాత పట్టుచీర నుంచి జరీ లేని చోట కత్తిరించి అంచులు కుట్టిన జానెడు ముక్క, నూలు చేతిరుమాలు, ముఖం తుడిచే కొత్త టర్కీ గుడ్డ, పిడికిలికి పట్టని పెద్ద నిమ్మకాయ. నిమ్మకాయను ఎందుకు పెట్టావని అందరూ అడుగుతారు. వాసన కోసం. పళ్ళు రాని బిడ్డ దాన్ని పట్టుకొని వాసన చూసే తీరు ఒక్కసారి చూస్తే మీరే పెడతారు. పళ్ళు వచ్చాక తొక్క కొరికి ముక్క మింగే వీలుంది కాబట్టి అప్పుడు తీసేయాలి. కొలత గొట్టంలో దూరే చిన్న కాయలైతే మొదటి రోజు నుంచీ వద్దు.

స్టీలు సామాన్లను రోజూ సబ్బుతో కడిగి ఆరబెట్టండి. చెక్కను నానబెట్టకండి, గబగబా కడిగి, తుడిచి, ఎండలో పెట్టండి. గుడ్డలను మరిగే నీళ్ళలో ఉంచి ఉతకండి. వానాకాలంలో వెదురు, తాటాకు, చెక్కలకు బూజు పడుతుంది. నల్లని చుక్కలు కనిపించిన వస్తువును కడిగి మళ్ళీ వాడకుండా మార్చేయండి.

ఆరో మెట్టు: పక్కన కూర్చోవడం

ఈ మెట్టే అన్నిటికంటే కష్టమైనదని నా అనుభవం. చేయి చాపితే బిడ్డ అందేంత దగ్గరలో కూర్చోవాలి, ఫోను ఇంకొక గదిలో ఉండాలి, ఊరికే ఉండాలి. ‘అదిగో గిన్నె, ఇదిగో గ్లాసు, ఇలా కొట్టు’ అని మనం మొదలుపెట్టగానే బిడ్డ చూపు వస్తువు నుంచి మన ముఖానికి మళ్ళుతుంది, అక్కడితో తన వెతుకులాట ఆగిపోతుంది. తాతయ్యలకు, నానమ్మలకు ఇది మరీ కష్టం, ప్రేమ ఆగనివ్వదు. ‘మామయ్యగారూ, ఒక్క పది నిమిషాలు ఏం చేస్తుందో చూద్దామండి’ అని వారినీ పక్కన కూర్చోబెట్టుకుంటే, మూడో నిమిషానికల్లా వారే మనకు సైగ చేసి చూపించడం మొదలుపెడతారు.

బిడ్డ మీ వైపు చూసి నవ్వితే నవ్వండి, వస్తువు ఇస్తే తీసుకొని మళ్ళీ ఇవ్వండి. కళ్ళు నులుముకున్నా, వస్తువులను విసిరేస్తూ చిరాకు పడినా ఆ రోజుకు ఆట చాలు. ఒక్కొక్కరోజు అరగంట సాగుతుంది, ఒక్కొక్కరోజు ఐదు నిమిషాలకే ముగుస్తుంది. తలుపు గంట మోగితే బిడ్డను ఎత్తుకొనే వెళ్ళండి. పెద్ద పిల్లలకు అప్పగించి వెళ్ళవద్దు. ఆరేళ్ళ అన్నయ్య ఎంత ముద్దుగా చూసుకున్నా, తన గోళీ ఒకటి తమ్ముడికి కానుకగా ఇవ్వడానికి వెనుకాడడు.

నీళ్ళ ఆట గురించి ఒక మాట. వెడల్పాటి పళ్ళెంలో గ్లాసెడు నీళ్ళు పోసి చేతులతో చరిచి ఆడనివ్వడం ఏడాది దాటిన పిల్లలకు ఎంతో ఇష్టం. కాని రెండంగుళాల నీళ్ళలో కూడా పసిబిడ్డ మునిగిపోగలదు, శబ్దమూ రాదు. ఆడినంతసేపూ మీ చేయి అందేటట్టు ఉండాలి, అయిపోయిన మరుక్షణం నీళ్ళు పారబోయాలి. బాత్రూములో నిండు బకెట్ ఉంచే అలవాటు ఉంటే బిడ్డ పాకడం మొదలైన రోజే మానుకోండి.

గొంతులో అడ్డం పడితే

ఎంత జాగ్రత్తపడినా ఇది తెలిసి ఉండాలి. ఇంట్లో బిడ్డను ఎత్తుకునే ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. బిడ్డ గట్టిగా దగ్గుతున్నా, ఏడుస్తున్నా గాలి ఆడుతున్నట్టే. దగ్గనివ్వండి, వీపు తట్టవద్దు, నీళ్ళు పోయవద్దు. ఏడుపు వినబడకుండా నోరు తెరుచుకొని ఉన్నా, పెదవులు నీలంగా మారుతున్నా ఆలస్యం చేయకూడదు. ఒకరు 108కి ఫోన్ చేస్తుండగా ఇంకొకరు ఇలా చేయాలి. ఏడాది లోపు బిడ్డను మీ ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడను వేళ్ళతో పట్టి, తల ఒంటికంటే కిందికి ఉండేలా చూసి, రెండు రెక్కల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా కొట్టండి. వస్తువు రాకపోతే బిడ్డను వెల్లకిలా తిప్పి, చనుమొనల గీతకు కొంచెం కింద, రొమ్ము ఎముక మీద ఐదుసార్లు గట్టిగా నొక్కండి. వస్తువు బయటపడేదాకా, లేదా బిడ్డ ఏడ్చేదాకా ఈ రెండూ ఒకదాని తరువాత ఒకటి చేస్తూ ఉండండి. బిడ్డ స్పృహ తప్పితే వెంటనే సీపీఆర్ (ఛాతీని నొక్కుతూ, మధ్యమధ్య నోటితో ఊపిరి ఊదడం) మొదలుపెట్టాలి. ఏడాది దాటిన పిల్లలకు ఛాతీ బదులు బొడ్డుకు పైన, పక్కటెముకలకు కింద నొక్కే పద్ధతి వేరే ఉంది. చదివి తెలుసుకోవడం కంటే ఒక్కసారి బొమ్మ మీద చేసి నేర్చుకోవడం నయం. మీ పిల్లల వైద్యుణ్ణి అడిగితే చూపిస్తారు.

కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, మింగించడానికి అన్నం ముద్ద పెట్టడం, కనిపించని దానికోసం గొంతులో వేలు పెట్టి కెలకడం మన వైపు బాగా అలవాటైన పనులు. వీటివల్ల వస్తువు ఇంకా లోపలికి దిగుతుంది. బిళ్ళ బ్యాటరీ మింగిందన్న అనుమానం వచ్చినా వాంతి చేయించవద్దు, ఏడాది లోపు బిడ్డకు తినడానికీ తాగడానికీ ఏమీ ఇవ్వవద్దు. ఏడుపు ఆగి మామూలుగా కనిపించినా ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్ళండి.

ఆఖరి మెట్టు: లెక్కపెట్టి సర్దడం

ఆట ముగిశాక వస్తువులను ఒక్కొక్కటిగా బుట్టలో వేస్తూ పైకి లెక్కపెట్టండి. పన్నెండు పెట్టి మొదలుపెడితే పన్నెండు తిరిగి రావాలి. పదకొండే ఉంటే ఆ పన్నెండోది దొరికేదాకా బిడ్డను ఎత్తుకొనే ఉండండి. ఊడిన పప్పుగుత్తి ముక్క అయినా, చిరిగిన గుడ్డ కొస అయినా అలాగే బయటపడుతుంది. ఆదివారం నాడు దూదితో, కొలత గొట్టంతో అన్నిటినీ మరొకసారి చూడండి. చిల్లు పడిన కొబ్బరి చిప్ప, పగుళ్ళిచ్చిన గరిటె, అంచు సొట్ట పడిన గ్లాసు తీసేసి, వాటి స్థానంలో ఒకటి రెండు కొత్తవి పెట్టండి. తరువాత బుట్టను అలమారా పై అరలోకి ఎక్కించండి, మీరు లేనప్పుడు అది బిడ్డకు అందకూడదు. ఏడాది నిండేసరికి బిడ్డే గిన్నెను తెచ్చి బుట్టలో వేయడం మొదలుపెడుతుంది. వేసిన దాన్నే మళ్ళీ తీసి మళ్ళీ వేస్తుంది కాబట్టి, ఆ దశలో లెక్కపెట్టడానికి మీరు ఇంకొక పది నిమిషాలు అదనంగా పెట్టుకోవాలి.